తప్పు రాధ ఒక్కదానిదేనా?

వంటయిందా వదినా? అయితే ఓ పది నిమిషాలు కూర్చోండి, సినిమా కబుర్లు చెప్పుకుందాం.

2025 సంక్రాంతికి నరసరావుపేటలో ఇంటిల్లిపాదీ వెళ్ళి 'సంక్రాంతికి వస్తున్నాం' చూశాం. వెంకటేష్ పాత ప్రేయసితో కలిసి పని మీద బయల్దేరితే, భార్య భాగ్యం నేనూ వస్తానని వెంటపడుతుంది. ఆ ఉడుకుమోత్తనం ఐశ్వర్యా రాజేష్ భలే చేసింది. బుల్లిరాజు నోట్లోంచి వచ్చే బూతులకి హాలంతా నవ్వుతుంటే, నాకు మాత్రం మా పిల్లల వైపు చూడబుద్ధి కాలేదు. ఆ ఒక్కటీ పక్కన పెడితే పండగ సినిమాయే.

ఇంటికొచ్చి పప్పుకి తాలింపు పెడుతుంటే 'శుభలగ్నం' గుర్తొచ్చింది. ఇక్కడ భార్య మొగుణ్ణి కాపలా కాస్తే, అక్కడ భార్య కోటి రూపాయలకి ఇచ్చేసింది! 1994లో ఎస్.వి.కృష్ణారెడ్డి తీసిన ఆ సినిమాకి అమ్మ, పెద్దమ్మ నన్ను తీసుకెళ్ళారు. అప్పటికి నేను స్కూలు పిల్లని. రాధగా వేసిన ఆమని డబ్బు తీసుకుని జగపతిబాబుని రోజాకి కట్టబెడుతుంటే, చుట్టూ ఉన్న ఆడవాళ్ళు "దీని ఆశ తగలెయ్య" అని తిట్లు లంకించుకున్నారు. పెద్దమ్మయితే మెటికలు విరిచింది.

బయటికొచ్చాక అమ్మ ఒక్కమాటంది. "చీరకీ కూరకీ కూడా చెయ్యి చాపాల్సిన ఆడది. తనదంటూ చేతిలో నాలుగు రాళ్ళుంటే ఆ పని చేసుండేదా?" పెద్దమ్మ కస్సుమంది. నాకప్పుడు ఏమీ అర్థం కాలేదు.

రాధ చేసింది మంచి పనని నేననను. కానీ బేరం పెట్టింది డబ్బున్న లత. తల వంచుకుని తాళి కట్టింది మధు. తిట్లు మాత్రం రాధ ఒక్కదానికే! మన పల్నాటి కథలోనూ అంతేగా. కత్తులు పట్టింది మగవాళ్ళు, నిందంతా నాగమ్మ నెత్తిన. 1966 నాటి 'పల్నాటి యుద్ధం' టీవీలో వచ్చినప్పుడు చూడండి. నాగమ్మని తిట్టుకుంటూనే భానుమతి ఠీవికి కళ్ళప్పగించేస్తాం.

ఆ ఆమనే అంతకు ముందు ఏడు, 1993లో, బాపుగారి 'మిస్టర్ పెళ్ళాం'లో చేసింది. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చిన సినిమా అది. రాజేంద్రప్రసాద్ ఉద్యోగం చిక్కుల్లో పడితే భార్య ఉద్యోగానికి వెళుతుంది, ఆయన ఇంటిపని చూసుకుంటాడు. జీతం ఆవిడ చేతికి రావడం మొదలయ్యాక ఆయన పౌరుషం పొడుచుకొస్తుంది. నవ్విస్తూనే చురక పెట్టారు బాపుగారు. ఈ రెండు సినిమాలూ పక్కపక్కన పెట్టి చూస్తే అమ్మ మాట నాకిప్పుడు తెలుస్తోంది.

ఇంకో సంగతి చెప్పనా? ఆ రోజు మా ముగ్గురి టికెట్ల డబ్బులూ అమ్మ పోపుల డబ్బాలోంచే తీసింది. పావలా అర్ధా కూడబెట్టి, నాన్న కంటబడకుండా ఆవాల కింద దాచిన డబ్బులు. రాధని ఆవిడ ఎందుకు తిట్టలేదో ఇప్పుడు మీకూ తెలిసే ఉంటుంది.

ఈసారి సినిమాకెళితే, ఇల్లాలిని తిట్టే ముందు ఆవిడ చేతిలో తనదంటూ ఏముందో ఒక్కసారి చూడండి. తరవాత తిడదామంటే నేనూ మీతో కలుస్తాను.

ఉంటాను వదినా, పొయ్యిమీద పాలు పొంగుతున్నాయి!