స్తంభానికి నాలుగు వేలు

తుపాను తీరం దాటిన మర్నాడు మన దగ్గర రెండే చర్చలు. కరెంటు ఎన్ని గంటల్లో వచ్చింది, కేంద్రం ఎన్ని కోట్లిచ్చింది. రెండూ అసలు సంగతిని దాటేసేవే. విపత్తు సహాయ నిధి లెక్కల్లో ఒక కరెంటు స్తంభం ఖరీదెంతో అడిగినవాళ్లు మాత్రం నాకు కనబడలేదు. 2022 దాకా నాలుగు వేలు.

కేంద్ర హోంశాఖ 2015 ఏప్రిల్‌లో ఇచ్చిన పట్టిక అది. కూలిన స్తంభానికి 4,000 రూపాయలు, కిలోమీటరు తీగకు 50 వేలు, పాడైన ట్రాన్స్‌ఫార్మరుకు లక్ష. అదీ 11 కేవీ వరకే. 33 కేవీ లైను పడిపోతే దిక్కుండేది కాదు. 2021 నవంబరులో తిరుపతి దగ్గర స్వర్ణముఖి నది పొంగి, రాయలచెరువు కట్ట నిలుస్తుందో లేదోనని ఊళ్లు ఖాళీ చేయించిన రోజుల్లోనూ చెల్లుబాటైంది ఆ నాలుగు వేలే.

వాన వెలిశాక స్తంభం నిలబెట్టడం ఎలా ఉంటుందో పట్టిక రాసినవాళ్లు చూసుండరు. మడిలోకి ట్రాక్టరు దిగదు, క్రేను మాట సరేసరి. సిమెంటు స్తంభానికి మోకులు కట్టి, కర్రలు దూర్చి, మనుషులే భుజాన మోయాలి. తవ్విన గొయ్యి తవ్వుతుండగానే ఊటతో నిండుతుంది. ఎలాగో నిలబెట్టినా బురదలో పట్టుండదు. మరో గాలికి అక్కడే ఒరుగుతుంది. మళ్లీ నాలుగు వేలు.

పులికాట్ సరస్సులో మనకు ఇరకం దీవి కూడా ఉంది. భీములవారిపాలెం రేవులో పడవెక్కితేగానీ చేరలేం. పుత్తూరు రోడ్డు పక్క స్తంభానికీ, పడవెక్కాల్సిన స్తంభానికీ ఆ పట్టికలో ఒకటే రేటు!

2017 సెప్టెంబరులో మరియా హరికేన్ అమెరికా అధీనంలోని ప్యూర్టోరికో దీవి విద్యుత్ గ్రిడ్‌ను కూల్చేస్తే, చివరి ఇళ్లకు వెలుగు రావడానికి దాదాపు 11 నెలలు పట్టింది. ఆ నత్తనడకను మెచ్చుకోనక్కర్లేదు. కానీ మరుసటి ఏడాదే అమెరికా చట్టం చేసి, పాత నాసిరకం గ్రిడ్‌నే మళ్లీ నిలబెట్టకుండా, నేటి ప్రమాణాలతో కట్టుకోవడానికి సహాయ నిధులిచ్చే వీలు కల్పించింది. మన విశాఖలో హుద్‌హుద్ తుపాను తర్వాత భూగర్భ కేబుళ్లు పడ్డాయంటే అది ప్రపంచ బ్యాంకు అప్పు చలవ.

సహాయ నిధి తక్షణ మరమ్మతులకేనని, 2022లో పట్టిక సవరించారని, పునర్నిర్మాణానికి 15వ ఆర్థిక సంఘం వేరే వాటా చెప్పిందని ఢిల్లీ వాదన. కావచ్చు. కూలిన చోటే కూలిన తీరులో పాతడాన్ని పునరుద్ధరణ అంటున్నంతకాలం పట్టిక ఎన్నిసార్లు దిద్దితే ఏం? మిగతా ఖర్చు తిరుపతిలోని దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) నెత్తిన పడుతుంది. డిస్కం దాన్ని మోసుకుని విద్యుత్ నియంత్రణ మండలికి వెళ్తుంది. అక్కణ్నుంచి అది మన బిల్లులోకి దిగుతుంది. వరదలో మునిగినవాడే స్తంభానికీ కట్టాలి. దీనికి సహాయం అని పేరు!

ఈసారి కేంద్ర బృందం వస్తే కలెక్టరేట్‌లో ఫొటోలు అతికించి చూపించకండి. ఏ మడిగట్టు దగ్గరో కారాపి, స్తంభం ఒక కొస వాళ్ల భుజానికెత్తండి.