గోడ వెనుక ఏమున్నది?

పిల్లలూ! పోయిన నెల నేను నాచారంలో మా చెల్లెలి ఇంటికి వెళ్ళాను. ఉప్పల్ మెట్రో స్టేషనులో దిగి, ఆటో ఎక్కి వెళ్ళేసరికి ఇల్లంతా హడావిడిగా ఉన్నది. పెద్ద గదికి అడ్డుగోడ పెట్టి, ఒక పక్క చిన్న స్నానాల గది చేయించారు. దానికి కొత్త గీజరు వచ్చింది. ఆ అడ్డుగోడకే బిగించడానికి ఎలక్ట్రీషియను డ్రిల్లు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

అయిదో తరగతి చదివే మా మేనకోడలు గోడను వేలి కణుపుతో తట్టి, "మామయ్యా, ఈ గోడ డోలులాగా మోగుతున్నదేం? అవతలి గోడ మోగదే!" అని అడిగింది.

"ఏం కాదు పాపా, నాలుగు మరలు ఎక్కువ కొడితే మంచిగనే పట్టుకుంటది," అన్నాడు ఎలక్ట్రీషియను.

"కాస్త ఆగు నాయనా," అన్నాను. ఎందుకంటే, ఆ గీజరు కిందనే రోజూ మా రెండేళ్ళ మేనల్లుడు పీటమీద కూచుని స్నానం చేస్తాడు.

ఇంతకూ ఆ గోడ దేనితో చేసినది? జిప్సం అనే మెత్తని ఖనిజం ఒకటి ఉన్నది. దాన్ని సుమారు 150 డిగ్రీల వేడిలో కాల్చితే, అందులో ఇమిడి ఉన్న నీటిలో ముప్పాతిక భాగం పోయి పొడి అవుతుంది. ఆ పొడిలో మళ్ళీ నీరు కలిపితే గట్టిపడుతుంది. చెయ్యి విరిగితే డాక్టరుగారు వేసే పిండికట్టు అదే! ఆ ముద్దను రెండు దళసరి కాగితాల మధ్య పలకలాగా పోస్తే జిప్సం బోర్డు అవుతుంది. ఇలాంటి బోర్డుకు 1894లో అమెరికాలో ఆగస్టీన్ సాకెట్ అనే ఆయన పేటెంటు పొందాడు.

ఈ బోర్డు మందం సాధారణంగా 12.5 మిల్లీమీటర్లే. రేకు చట్రానికి రెండు వైపులా బోర్డులు బిగిస్తే గోడ తయారు. మధ్య అంతా డొల్ల. అందుకే డోలులా మోగింది!

ఇక బరువు లెక్క చూద్దాం. గీజరులో 15 లీటర్ల నీరు పడుతుంది. లీటరు నీరు ఒక కిలో గనక నీరే 15 కిలోలు. ఖాళీ గీజరు సుమారు 10 కిలోలు. మొత్తం 25 కిలోలు. అంటే గోడకు ఒక బియ్యం బస్తాను తగిలించినట్టే!

బరువు కిందికి మట్టుకే లాగుతుందని అనుకుంటున్నారా? ఒక లావుపాటి పుస్తకాన్ని రొమ్ముకు ఆనించి పట్టుకోండి. తరవాత చెయ్యి ముందుకు చాచి పట్టుకోండి. భుజం లాగేస్తుంది కదూ? గీజరు కూడా గోడనుంచి ముందుకు పొడుచుకుని ఉంటుంది. దాని అడుగుభాగం గోడకు ఆని, పై మరలను బయటికి లాగుతుంది. బరువు మధ్యబిందువు గోడకు 20 సెంటీమీటర్ల దూరంలోనూ, మరలు అడుగునుంచి 40 సెంటీమీటర్ల ఎత్తునా ఉంటే, లాగుడు 25 × 20 ÷ 40 = 12.5 కిలోలు. మరలు 10 సెంటీమీటర్ల ఎత్తునే ఉంటే? 50 కిలోలు! సుద్దలాంటి బోర్డులో మర చుట్టూ పొడి రాలుతుంది. మొదటి రోజు ఏమీ కాకపోవచ్చు. తడి తగిలిన కొద్దీ బోర్డు మరీ మెత్తబడుతుంది.

మేనకోడలు తన బొమ్మలోని అయస్కాంతం తెచ్చి గోడమీద జరిపింది. ఒకచోట టక్కున అంటుకున్నది. దాని కిందా, పైనా కూడా అంటుకున్నది. బోర్డును చట్రానికి బిగించిన మరలు ఆ వరసనే ఉన్నాయి. అంటే లోపలి చట్రం అక్కడే! కాని గీజరు కొక్కేలు ఆ వరసకు రాలేదు. వచ్చినా, పలుచని రేకు ఒక్కటే అంత బరువుకు చాలదు.

"మరి ఏం చెయ్యాలి?" అన్నది మా చెల్లెలు.

ఉప్పల్‌లో మెట్రో స్తంభాలు చూశారా? 2017 నుంచీ వాటిమీద రైళ్ళు నడుస్తున్నాయి. రైలు బరువు పట్టాలకూ, పట్టాలనుంచి దూలానికీ, దూలంనుంచి స్తంభానికీ, స్తంభంనుంచి నేలకూ చేరుతుంది. ఆ దారి ఎక్కడా తెగదు. గోడకు తగిలించే వస్తువుకూ అలాంటి దారి ఉండాలి. జిప్సం బోర్డు తెరలాంటిది, స్తంభం కాదు.

అందుచేత అవతలి ఇటుక గోడకే గీజరు బిగించాలని నిర్ణయించాము. గొట్టం నాలుగడుగులు పెంచవలసి వచ్చింది, అంతే. ఇటుక గోడ లేనిచోట వడ్రంగి బోర్డు విప్పి, లోపల దళసరి ప్లైవుడ్ పలకను చట్రానికి అటూ ఇటూ బిగించి, మళ్ళీ మూస్తాడు. బరువుకు తగిన చట్రం ఉండాలి సుమా! చలిదేశాలలో గదులు వెచ్చబరచడానికి వేడినీరు పారే రేడియేటర్లను గోడలకు తగిలిస్తారు. అవీ బరువైనవే. బోర్డు గోడలయితే ముందుగానే లోపల చెక్క అమరుస్తారు.

వెళ్ళేటప్పుడు ఎలక్ట్రీషియను రెండు గోడలనూ తానే తట్టి చూసి, "ఇగనుంచి ముందు తట్టి చూస్తా పాపా," అని నవ్వాడు.

పిల్లలూ, మీ ఇంటి గోడలను కూడా తట్టి చూడండి. ఏవి మోగుతాయో, వాటికి ఏమేమి తగిలించి ఉన్నాయో రాసి పంపండి. డ్రిల్లు మట్టుకు మీరు ముట్టుకోకండి. గోడ వెనుక కరెంటు తీగలు దాగి ఉంటాయి. ఆ పని తెలిసిన పెద్దలదే. వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాం!