మందిరములో ఆ మాటలా?



ఈ మాసము మీకు సంతోషము కలిగించు వ్యాసము వ్రాయలేకపోవుచున్నాను. మన సంఘములలో పాదిరులు, పెద్దలు, స్త్రీల సమాజపు నాయకురాండ్రు అందరము కలిసి చేయుచున్న ఒక తప్పును గూర్చి వ్రాయవలసియున్నది. అందులో నాకును పాలు కలదు. కాబట్టి ముందుగా నా తప్పు ఒప్పుకొనుచున్నాను.

నిరుడు డిసెంబరు మొదటి ఆదివారమున మా సంఘమునకు అయిదుగురు యౌవనస్థులు వచ్చిరి. వారు పరాయివారు కారు. మా సండేస్కూలులో కంఠతవాక్యములు అప్పగించి, క్రిస్మసు నాటకములో గొఱ్ఱెల కాపరుల వేషములు వేసిన పిల్లలే. ఇప్పుడు హైదరాబాదు ప్రక్కన గోపన్‌పల్లిలో హాస్టళ్లలో నుండి కొందరు చదువుకొనుచున్నారు, కొందరు కొలువు చేయుచున్నారు. సెలవు దినములలో అక్కడి కూలీల రేకుల షెడ్లకు పోయి, హెచ్.ఐ.వి. ఎట్లు అంటునో, ఎట్లు అంటదో, అది ఉన్నవారితో ఎట్లు మెలగవలెనో చెప్పుచున్నామనిరి. డిసెంబరు 1వ తేదీ 1988 నుండి లోకమంతట ఎయిడ్స్ దినముగా ఆచరింపబడుచున్నది గదా. అందుచేత రొమ్ముపై ఎఱ్ఱ రిబ్బను పెట్టుకొని వచ్చిరి. "అయ్యగారూ, ఆరాధన అయినాక పది నిమిషాలు చాలు" అని అడిగిరి.

ఒక పెద్ద లేచి, "మందిరంలో ఆ మాటలా?" అనెను. మిగిలిన పెద్దలు తల ఊపిరి. నేనును ఊపితిని. పిల్లలు ఎదురు చెప్పలేదు. వెలుపల వేపచెట్టు క్రింద నిలిచి, అడిగినవారికి కరపత్రములిచ్చి, సాయంత్రపు బస్సు ఎక్కి పోయిరి.

ఆ మాట పలికినప్పుడు వెనుక వరుసలో ఒక విధవరాలు కూర్చుండి యుండెను. ఆమె భర్త గోపన్‌పల్లి వైపున మేడలు కట్టుచోట సెంట్రింగు పని చేసినవాడు. జబ్బుతో ఇంటికి వచ్చెను, కొన్నాళ్లకు చనిపోయెను. ఆయనకున్న వ్యాధి ఆమెకును ఉన్నదని ఊరంతటికి తెలియును. మనమేమి చేసితిమి? ప్రభువు బల్లయొద్ద ఆమెకు వేరు గిన్నె పెట్టితిమి. ప్రేమవిందులో ఆమె విస్తరి గోడ ప్రక్కన వేసితిమి. ఆమె భర్త శవమును మోయుటకు నలుగురు దొరకనప్పుడు, చేతులు కట్టుకొని చూచుచు నిలిచితిమి. ఇవన్నియు మందిరములో తగును గాని, ఆ పిల్లల పది నిమిషములు తగవట!

ఇప్పుడు మన పెద్దలు చెప్పు సాకులను ఒక్కొక్కటిగా చూతము.

మొదటి సాకు: "అది పట్టణపు జబ్బు, మనకెందుకు?" చదువరీ, నీవు గోపన్‌పల్లి చూచితివా? శేరిలింగంపల్లి మండలములో అది ఒకప్పుడు మన ఊరివంటి పల్లెయే. ప్రక్కనే హైదరాబాదు విశ్వవిద్యాలయము 1974లో వెలసినది. తరువాత గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడలలో కంపెనీల అద్దాల మేడలు లేచినవి. ఆ మేడలు కట్టినది ఎవరు? పాలమూరు బిడ్డలు, శ్రీకాకుళపు బిడ్డలు, ఒరిస్సా, బీహారు బిడ్డలు. వాటి గుమ్మములయొద్ద రాత్రి కావలి కాయువారు, ఆ ఇండ్లలో అంట్లు తోమువారు, కంప్యూటర్ల ముందు కూర్చుండువారు, వీరిలో మన బిడ్డలు లేరా? వారు పంపు డబ్బుతో మందిరమునకు రంగులు వేయించుకొనుచున్నాము. ఆ డబ్బు మనదైనప్పుడు, ఆ బిడ్డల ఒంటరితనము, వారికి వచ్చు శోధనలు, వారి జబ్బులు మనవి కావా?

మన దేశమున హెచ్.ఐ.వి. మొదట 1986లో మద్రాసులో కనిపెట్టబడెను. 2021 అంచనాల ప్రకారము దేశములో సుమారు 24 లక్షలమంది ఈ వ్యాధిక్రిములు గలవారు. ఆంధ్రప్రదేశములో 3 లక్షలకు పైగా, తెలంగాణలో లక్షన్నరకు పైగా ఉన్నారు. ఇన్ని లక్షలమందిలో మన సంఘమువారు ఒక్కరును లేరని చెప్పుటకు ఏ పెద్దకు ధైర్యమున్నది? వారు మన మధ్యనే ఉన్నారు. మన నోళ్లకు జడిసి దాగియున్నారు.

రెండవ సాకు: "పాపము చేసిరి, అనుభవించుచున్నారు." ఈ మాట అనువాడు ముందు ఆ విధవరాలి ముఖము చూచి అనవలెను. ఆమె ఎవరి పాపము అనుభవించుచున్నది? తల్లి గర్భములోనే వ్యాధి తగిలిన శిశువు ఎవరి పాపము అనుభవించుచున్నాడు? అయితే నిర్దోషులను ఒక ప్రక్కకు, దోషులను ఒక ప్రక్కకు వేరుచేసి, నిర్దోషులకు మాత్రమే జాలి పంచుదమని నేను చెప్పుటలేదు. అట్టి లెక్క మన ప్రభువు ఎన్నడును వేయలేదు. పుట్టు గ్రుడ్డివానిని చూచి, పాపము వీనిదా, కన్నవారిదా అని శిష్యులు అడిగినప్పుడు ఆయన ఆ ప్రశ్ననే త్రోసివేసెను. సిలోయములో గోపురము కూలి చచ్చిన పదునెనిమిదిమందిని గూర్చి మాటలాడినప్పుడు, వారిని తూచుట మాని మీరు మారుమనస్సు పొందుడని విన్నవారినే హెచ్చరించెను. కుష్ఠరోగి ఎదుట మోకాళ్లూనినప్పుడు, జబ్బు ఎట్లు వచ్చెనని అడుగక ముందు వానిని ముట్టెను. ముట్టకుండ మాటతోనే బాగుచేయగల ప్రభువు ఎందుకు ముట్టెను? ఏండ్ల తరబడి ఎవరును ముట్టనివానికి ఆ స్పర్శయే సగము స్వస్థత గనుక.

మూడవ సాకు: "ఇవి చెప్పినచో పిల్లలు చెడుదురు." వివాహమునకు ముందు పవిత్రత, వివాహములో నమ్మకత్వము దేవుని క్రమమని నేను బోధించుచున్నాను, చనిపోవువరకు బోధింతును. అయితే ఆ విధవరాలు నమ్మకముగా బ్రదికినది. ఆమె నమ్మకత్వమొక్కటే ఆమెను కాపాడలేకపోయెను, ఎందుకనగా నమ్మకత్వము ఇద్దరికి ఉండవలెను, తెలివియు ఇద్దరికి ఉండవలెను. భర్తకు వ్యాధి ఉన్నదని ఇద్దరికి ముందే తెలిసియుండినయెడల, పరీక్ష చేయించుకొని, మందులు పుచ్చుకొని, నిరోధ్ వాడి, ఆమె తప్పించుకొనియుండును. నిరోధ్ మాట విని కొందరు చెవులు మూసికొందురు. మన ప్రభుత్వము 1968 నుండియు దానిని కుటుంబ నియంత్రణకై పల్లెపల్లెకు పంచినది. అప్పుడు మన సంఘములు కూలిపోలేదు. వివాహమైన భార్య ప్రాణము కాపాడు వస్తువు పేరు పలుకుట పాపమైతే, ఆమెను చావనిచ్చు మౌనమునకు ఏ పేరు పెట్టుదుము?

నాలుగవ సాకు అన్నిటికంటె అపాయకరమైనది: "ప్రార్థన చాలును, మాత్రలు మానివేయుము." ఇట్లు చెప్పి రోగుల చేతిలోని మాత్రలు పారవేయించు బోధకులు సభలు పెట్టుచున్నారు. నేనును రోగులకై ప్రార్థించువాడనే. కాని హిజ్కియా పుండునకు అంజూరపు ముద్ద కట్టుమని చెప్పినవాడు ప్రవక్తయే. పౌలుతో కూడ తిరిగిన లూకా వైద్యుడే. మాత్ర మానిన రోగి దేహములో క్రిమి మరల విజృంభించును, ఆ మందులకు లొంగకుండ గట్టిపడును, క్షయవంటి జబ్బులు వెంట వచ్చును. అట్టి బోధకుడు విశ్వాసము బోధించుటలేదు, దేవుని శోధించుచున్నాడు. అతనికి మన ప్రసంగపీఠము ఇయ్యకూడదు.

ఇక ఆ పిల్లలు చెప్పదలచినదేమి? నేను సిగ్గుపడి, వారి కరపత్రము ఒకటి తరువాత తీసికొని చదివితిని. హెచ్.ఐ.వి. నాలుగు దారుల వచ్చును: వ్యాధిక్రిమి గలవారితో జాగ్రత్త లేని సంయోగము, పరీక్షింపని రక్తము, ఒకరు వాడిన సూది మరియొకరు వాడుట, తల్లినుండి బిడ్డకు. చేయి కలిపినను, ఒకే పాత్రలో త్రాగినను, ఒకే బావి నీళ్లు చేదుకొనినను, దోమ కుట్టినను రాదు. అనగా మనము పెట్టిన వేరు గిన్నె ఎవరిని కాపాడలేదు. ఒక ఆత్మను మాత్రము గాయపరచినది.

సర్కారు ఆసుపత్రులలో పరీక్ష ఉచితము, ఫలితము రహస్యము. మందులు 2004 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వము ఉచితముగా ఇయ్యసాగెను. 2017 నుండి, వ్యాధి ఉన్నదని తెలిసిన ప్రతివారికి ఆలస్యము లేకుండ మందు ఇయ్యవలెనను నియమము వచ్చినది. ప్రతిదినము తప్పక మాత్ర వేసికొని, రక్తములో క్రిమి పరీక్షకు అందనంత తగ్గిపోయి, ఆ స్థితి నిలుపుకొనువారు సంయోగము ద్వారా ఇతరులకు వ్యాధి అంటింపరు. చికిత్స లేనప్పుడు తల్లినుండి నూటికి 15 మొదలు 45మంది బిడ్డలవరకు వ్యాధి సోకవచ్చును. సరియైన చికిత్సతో అది 5కంటె తక్కువకు దిగును. ఇది శుభవార్త కాదా? దీనిని మందిరములో చెప్పక మరెక్కడ చెప్పుదుము?

మన మిషను చరిత్ర తెలిసినవారు డిచ్‌పల్లిని తలచుకొనుడు. నిజామాబాదు జిల్లాలోని ఆ చోట మెథడిస్టు మిషనరీలైన డాక్టరు ఇసబెల్ కెర్ దొరసానిగారు, ఆమె భర్త జార్జి కెర్ దొరగారు 1915లో కుష్ఠరోగులకు ఆసుపత్రి స్థాపించిరి. దానికి ధనమిచ్చి ఆదుకొనిన రాజా నర్సాగౌడు హిందువు. ఆ దినములలో కుష్ఠును పూర్తిగా కుదుర్చు మందు లేదు. చాల్‌మోగ్రా నూనె సూదులే దిక్కు. అయినను వారు పుండ్లు కడిగిరి, కట్లు కట్టిరి. మందు లేని కాలమున మన పెద్దలు తలుపు తెరచిరి. మందు ఉన్న కాలమున మనము తలుపు మూయుచున్నాము. ఎవరి విశ్వాసము గొప్పది?

చట్టముకూడ మనకంటె ముందు నడచినది. 2017లో పార్లమెంటు చేసి, 2018 సెప్టెంబరు 10 నుండి అమలుపరచిన చట్టము, హెచ్.ఐ.వి. గలవారిని ఉద్యోగములో, బడిలో, ఆసుపత్రిలో వేరుపరచుట నిషేధించినది. బావులు, చెరువులు, శ్మశానములు, అంత్యక్రియలు సహా వారికి కాదనరాదని వ్రాసినది. సమాధి స్థలమును గూర్చి క్రైస్తవునికి సర్కారు చెప్పవలసి వచ్చెనా!

సహోదరులారా, చేయవలసినది కొండంత కాదు. ఆ యౌవనస్థులు మరల వచ్చినప్పుడు పది నిమిషములు కాదు, అరగంట ఇయ్యుడు. వారు రాకపోయినయెడల మీరే కబురంపి పిలిపించుడు. పనికై పట్టణమునకు పోవు ప్రతి బిడ్డను ప్రార్థించి పంపునప్పుడు, ఈ సంగతులు కూడ చెప్పి పంపుడు, ఇంటివారికిని చెప్పుడు. పెండ్లి కుదుర్చునప్పుడు కట్నకానుకలకంటె ముందు, ఇరువురు ఇష్టపూర్వకముగా పరీక్ష చేయించుకొనుట మంచిదని బోధించుడు. ఎవరైన తమ వ్యాధిని మీతో చెప్పుకొనినయెడల, ఆ మాట మీ భార్యతో సహా ఎవరికిని చెప్పకుడి. సందేహములున్నవారికి 1097 అను నెంబరు నేర్పుడు. ఆ ఫోనుకు ఖర్చు లేదు. వేరు గిన్నె ఉన్న సంఘములు దానిని తీసివేయుడు.

మా సంఘములో ఆ గిన్నెను తీసివేసితిమి. తీసివేసిన ఆదివారమున ఆమె అలవాటు చొప్పున అందరికంటె చివర వచ్చి, తన గిన్నెకై చూచెను. అది లేదు. అందరును త్రాగిన పాత్రనే నేను ఆమెకు అందించితిని. ఆమె దానిని వెంటనే పట్టుకొనలేదు. నా ముఖము వైపు చూచెను. ఆ చూపులో నింద లేదు, నమ్మలేకపోవుట మాత్రమే ఉండెను. నేను తలవంచుకొంటిని. ఆమె తరువాత ఆ పాత్రలోనే నేనును త్రాగితిని.

ప్రభువా, మేము ముట్టనివారిని నీవు ముట్టితివి. మా బిడ్డలు పలుకగోరిన సత్యమునకు మేము తలుపు మూసితిమి. మమ్మును క్షమించి, మా నోళ్లు, మా తలుపులు తెరువుము. ఆమేన్.