కంటికి కన్నే నారుమడి
ఆటలో సున్నం ప్యాకెట్ పగిలి పిల్లాడి కంట్లో పడిందనుకోండి... నల్లగుడ్డు అంచునుండే మూలకణాలు కాలిపోతాయి. ఇక కొత్త కార్నియా అతికించినా నిలవదు. నారుమడే ఎండిపోతే నాటేదేముంటుంది!

దీనికి హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి 2001లో ఓ దారి పట్టింది. బాగున్న రెండో కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి, ఉమ్మనీటి సంచి పొర మీద ల్యాబులో పెంచి, దెబ్బతిన్న కంటికి అమర్చారు. 2012లో ప్రకటించిన పద్ధతికి ఆ ల్యాబూ అక్కర్లేదు. ముక్కను పలుకులుగా చేసి నేరుగా కంటి మీదే నాటేస్తారు. గాయపడిన మోకాలి మృదులాస్థికీ సొంత కణాల్నే పెంచి అతుకు వేస్తున్నారు.

నాటి ఆదిలాబాద్ జిల్లా ముథోల్‌లో 1996లోనే ఈ సంస్థ కేంద్రం వెలిసింది. పెద్ద చికిత్స కావాలంటే హైదరాబాద్ పంపుతారు. కానీ సున్నం పడగానే మొదటి వైద్యం ఇంట్లోనే... అరగంటసేపు మంచినీళ్లతో ధారగా కడగండి. తర్వాతే బస్సెక్కండి!