బొమ్మలు గీసే బిడ్డ



నోటుపుస్తకం అంచుల్లో ఆకాశంలో ఎగిరే వీరుణ్ణీ, ముసుగు మనిషినీ గీసే పిల్లవాడు మన బడుల్లో ప్రతి తరగతికీ ఒకడుంటాడు. "బొమ్మలు కూడు పెడతాయా?" అని మనం గదమాయిస్తాం. మిరప ధర పడిపోయి, పత్తి మీద చేసిన అప్పు తీరని ఇంట్లో ఆ ప్రశ్న న్యాయమైనదే. ఈ నెల దానికే జవాబు వెదుకుదాం.

తెలుగులో బొమ్మల కథలంటే ముందుగా చెప్పుకోవలసిన పేరు బుజ్జాయి. ఆయన అసలు పేరు దేవులపల్లి సుబ్బరాయశాస్త్రి. కవి కృష్ణశాస్త్రి గారి కుమారుడు. 1931లో పుట్టారు. బళ్ళో చదివినదానికంటే తండ్రి వెంట తిరుగుతూ చూసిందీ, విన్నదే ఆయనకు పెద్ద చదువు. 'డుంబు' అనే బుడతణ్ణి ఆయన సృష్టించారు. 1960లలో ఆయన గీసిన పంచతంత్రం బొమ్మల కథ బొంబాయి ఇంగ్లీషు వారపత్రిక ఇలస్ట్రేటెడ్ వీక్లీలో వచ్చి దేశమంతటా తెలిసింది. 2017లో కన్నుమూశారు. తన జ్ఞాపకాల పుస్తకానికి ఆయన పెట్టుకున్న పేరు 'నాన్న - నేను'. ఆ పేరులోనే మనకు పాఠం ఉంది. బిడ్డకున్న తలాంతుకు మొదట చోటు దొరకవలసింది ఇంట్లోనే.

అయితే చోటిస్తే చాలదు. ఇంకొక బతుకు చూడండి.

ప్రపంచమంతా ఎరిగిన సూపర్‌మ్యాన్ బొమ్మను మొదట గీసినవాడు జో షూస్టర్. దర్జీ కొడుకు. కాగితం కొనలేక మాంసం కొట్టువారు పొట్లం కట్టే కాగితం మీద, పారేసిన గోడకాగితం వెనుక గీసుకునేవాడు. కథ రాసినవాడు బడి స్నేహితుడు జెర్రీ సీగెల్. 1938లో ఆ ఇద్దరూ సూపర్‌మ్యాన్ మీద సమస్త హక్కులూ 130 డాలర్లకు రాసిచ్చేశారు. తరువాత కంపెనీకి కోట్లు వచ్చాయి. వీరు కోర్టుకెక్కినా హక్కు తిరిగి రాలేదు, పని కూడా పోయింది. షూస్టర్‌కు చూపు మందగించింది. 1975 చివరికి గాని, లోకం తప్పుపట్టిన మీదట, ఏడాదికి 20,000 డాలర్ల భృతి, బొమ్మ మీద వారి పేర్లు దక్కలేదు. ఆ 130 డాలర్లు కూడా కలిపి ఇచ్చిన పాత చెక్కు 2012లో వేలంలో 1,60,000 డాలర్లు పలికింది!

కోతకు ముందే పంటను తెగనమ్ముకున్న రైతుకు ఈ కథ విడమరచి చెప్పనక్కరలేదు. కష్టం ఒకరిది, కాటా మరొకరిది.

కాబట్టి బిడ్డ చేతిలోని పెన్సిలు లాక్కోకండి. ఇంటర్ తరువాత హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలోనూ, విశాఖ ఆంధ్రా విశ్వవిద్యాలయంలోనూ చిత్రకళలో డిగ్రీ చదువులున్నాయి. గీతతోపాటు లెక్కలూ, భాషా నేర్పించండి. సంతకం పెట్టేముందు కాగితం చదవడం నేర్పించండి. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగానే జరగాలి. ఎంతకాలమో అందులో రాయకపోతే 5 ఏళ్ళకే చెల్లుతుంది. హక్కు అమ్ముకున్నా "ఇది నేను గీసింది" అని చెప్పుకునే అధికారం గీసినవాడిదే. జీతానికి చేరి గీసిన బొమ్మ మీద హక్కు మాత్రం, వేరే ఒప్పందం లేకపోతే, యజమానికే పోతుంది. ఇది ముందే తెలిసి ఉండాలి.

ప్రత్యక్షపు గుడారాన్ని తీర్చిదిద్దిన బెసలేలు పేరు గ్రంథంలో రాయబడి ఉంది. పనివాని పేరు చెరపకూడదన్నది మనకు కొత్త మాట కాదు.

బొమ్మ గీసే ప్రతివాడూ బుజ్జాయి కాడు. చాలామంది వేరే పని చేసుకుంటూనే గీసుకుంటారు, అందులో తక్కువేమీ లేదు. ఈ రాత్రి బిడ్డ పుస్తకం తీసి చూడండి. "ఇదెవరు నాయనా?" అని అడగండి. వాడు చెప్పేదాకా వినండి.