ఒక పూట చాలు

పసిపిల్లలను డిస్నీలాండు వంటి చోట్లకు తీసుకువెళ్ళే విషయంలో రెండు వాదాలు తరచుగా నా చెవిన పడుతుంటాయి. ఊహ తెలియని పిల్లలకు ఏం గుర్తుంటుంది, డబ్బు దండగ అనేది ఒకటి. ఎలాగూ టిక్కెట్టు కొన్నాం కనుక ద్వారం తెరిచింది మొదలు రాత్రి బాణసంచా దాకా ఉండి అన్నీ చూపించాలి, లేకపోతే డబ్బు దండగ అనేది రెండవది. ఒకటి తూర్పు, ఒకటి పడమర అన్నట్టు కనిపిస్తాయి గానీ, రెండూ చివరికి వచ్చి ఆగేది డబ్బు దగ్గరే. పిల్లల ఊసు రెండింటిలోనూ లేదు.

ఈ రెండు వాదాలతోనూ నాకు పేచీ ఉంది. రెండవదానితో మరీను. ఎందుకంటే ఆ తప్పు నేనే చేశాను.

మా అబ్బాయి కుటుంబం శాన్ డియేగోలో ఉంటుంది. 2025 ఏప్రిల్ చివర మేమిద్దరం అక్కడికి వెళ్ళాము. మనుమరాలికి అప్పుడు మూడేళ్ళ నాలుగు నెలలు, మనుమడికి ఏడాదిన్నర దాటింది. డిస్నీలాండు ఉన్న అనహైమ్ అక్కడికి సుమారు 95 మైళ్ళు. మే నెలలో ఒకనాడు ప్రయాణం పెట్టుకున్నాము. మా అబ్బాయి కంప్యూటరులో ఒక పట్టిక తయారుచేశాడు. ఉదయం 6కు బయలుదేరడం, 8కి ద్వారం దగ్గర ఉండడం, 8.20కి ఒక రైడు, 8.50కి ఇంకొకటి... ఇలా మొత్తం పదహారు వరుసలు. నిద్రకు కూడా ఒక గడి ఉంది: 1.15 నుంచి 1.45 వరకు, స్ట్రోలర్‌లో. "నాన్నగారూ, ఒకసారి చూడండి" అని నా చేతికిచ్చాడు. ముప్పయ్యేళ్ళకు పైగా బడిలో పీరియడ్ల పట్టికలు వేసిన వాణ్ణి కదా, నాకు ముచ్చట వేసింది. మెచ్చుకొని, భోజనానికి పావుగంట తగ్గించి మరొక రైడు చేర్చమని సలహా కూడా ఇచ్చాను. ఆ పదిహేడో వరుస నా పుణ్యమే.

పదకొండు గంటల దాకా అంతా పట్టిక ప్రకారమే నడిచింది. ఆ తరవాత మనుమరాలు ఒక నీటి ఒడ్డున బాతును చూసింది. అక్కడి కాలువల్లో, నీటి ఒడ్డుల్లో బాతులు ఎవరి అనుమతీ లేకుండా స్వేచ్ఛగా తిరుగుతుంటాయి. అవి కదిలే బొమ్మలు కావు, నిజం బాతులు. ఆ పిల్ల అక్కడే చతికిలబడింది. కదలనంది. పట్టికలో బాతు లేదు. మా వాడు గడియారం చూసుకొన్నాడు. నేను చేయి పట్టి లేవదీశాను. అది ఏడుస్తూనే తరవాతి వరుసలో నలభై నిమిషాలు నిలబడింది. సగంలో ఇక వద్దు, బయటికి పోదామని మొదలుపెట్టింది. అప్పుడు నా నోట ఒక మాట వచ్చింది: "నీ కోసమే కదమ్మా ఇంత డబ్బు పోసి వచ్చింది? ఇలా ఏడిస్తే ఎలా?"

ఏడుపు ఆపింది. నా ముఖంలోకి చూసి, "సారీ తాతయ్యా" అంది.

మూడేళ్ళ పిల్ల ఎందుకు క్షమాపణ చెప్పింది? అలిసిపోయినందుకు. బాతు నచ్చినందుకు. ఆనందపడవలసిన చోట ఆనందపడడం చేతకానందుకు. తరగతి గదిలో ఎందరు పిల్లల చేత క్షమాపణలు చెప్పించానో నాకు లెక్క లేదు. కానీ ఇంత అన్యాయమైనది వాటిలో ఒకటి కూడా లేదనుకుంటాను. టిక్కెట్టు ధర పిల్ల నెత్తిన పెట్టాము. అది సంతోషంతో తీర్చవలసిన అప్పు అయింది. తీర్చలేక పసిది క్షమాపణ కోరింది.

మిగిలిన రోజంతా వర్ణించను. స్ట్రోలర్‌లో ఎవరూ 1.15కు నిద్రపోలేదు. సాయంత్రం అయిదుకు ఇద్దరూ పోయారు, ఆరుకు లేచి మళ్ళీ ఏడిచారు. అయినా మేము కదలలేదు, బాణసంచా మిగిలి ఉంది కదా! మొదటి చప్పుడుకే చిన్నవాడు మా కోడలి భుజంలో ముఖం దాచుకొని వణికిపోయాడు. పదిహేడింటిలో పదకొండు చూశామని మా అబ్బాయి తిరుగు ప్రయాణంలో చెప్పాడు. ఎవరూ జవాబు చెప్పలేదు.

ఇప్పుడు వాదానికి వస్తాను.

ఈ ఉద్యానవనం ఎందుకు పుట్టిందో ఒకసారి తలుచుకోవాలి. వాల్ట్ డిస్నీకి ఇద్దరు ఆడపిల్లలు. వాళ్ళను లాస్ ఏంజిలిస్‌లోని గ్రిఫిత్ పార్కులో రంగులరాట్నం ఎక్కించి, తాను బెంచీ మీద కూర్చొని వేరుసెనగకాయలు తింటూ చూసేవాడట. పిల్లలు ఆడుకుంటుంటే పెద్దలు ఊరికే కూర్చోవడం కాక, అందరూ కలిసి సంతోషించే చోటు ఒకటి ఉండాలని అక్కడే తోచిందని ఆయనే చెప్పుకొన్నాడు. 1955 జూలై 17న అనహైమ్‌లో ఒకప్పటి నారింజతోటల స్థలంలో దాన్ని తెరిచారు. ఒక తండ్రి, ఇద్దరు పిల్లలు, ఒక రంగులరాట్నం. దాని మూలమంతా అంతే. ఆ తండ్రి చేతిలో పట్టిక లేదు. డెబ్బయ్యేళ్ళ తరవాత మేము అదే చోట అందరం కలిసి ఉన్నామే గాని, సంతోషించింది మాత్రం లేదు.

దీనికి ఆ సంస్థనొక్కదాన్నే అనడం నాకిష్టం లేదు. వ్యాపారం వ్యాపారమే. 1999లో వరుసలో నిలబడే పని తప్పించే ఫాస్ట్‌పాస్ అనే పద్ధతి తెచ్చినప్పుడు అది ఉచితం. 2021 నుంచి అలాంటి సౌకర్యానికి వేరే డబ్బు కట్టాలి. డబ్బు కట్టినవాడికి ఇంకా ఎక్కువ చూడాలన్న ఆత్రం పుట్టడం సహజం. అయితే పసివాళ్ళ విషయంలో వాళ్ళ నియమాలే మనకంటే దయగా ఉన్నాయి. మూడేళ్ళ లోపు పిల్లలకు టిక్కెట్టు లేదు. ఇంటి నుంచి తిండి తెచ్చుకోవచ్చు, గాజు సీసాలు మాత్రం వద్దంటారు. పెరుగన్నం డబ్బా పట్టుకువెళ్ళడానికి మనవాళ్ళు ఎందుకు సిగ్గుపడతారో నాకు బోధపడదు. మెయిన్ స్ట్రీట్ చివర పసిపిల్లల కోసం ప్రత్యేకంగా ఒక నెలవు ఉంది. అక్కడ పాలివ్వడానికి వేరే గది, బట్టలు మార్చడానికి బల్లలు, అన్నం వెచ్చబెట్టుకొనే వీలు, చిన్నపిల్లల కుర్చీలు ఉన్నాయి. మా పట్టికలో దాని పేరే లేదు.

ఎత్తు సంగతి చూడండి. స్పేస్ మౌంటెన్‌కు, బిగ్ థండర్‌కు 40 అంగుళాలు ఉండాలి. మాటర్‌హార్న్‌కు 42, ఇండియానా జోన్స్‌కు 46. మా మనుమరాలు 37 అంగుళాలు. అంటే పెద్ద పేరున్నవన్నీ ఆ పిల్లకు నిషిద్ధాలే. మరి మా పదిహేడు వరుసల్లో వాటికెందుకు చోటు దొరికింది? ఒకరు పిల్లలతో బయట ఉండి మరొకరు ఎక్కి రావచ్చు, ఆ తరవాత రెండవవారు మళ్ళీ వరుస మొదటి నుంచి నిలబడనక్కరలేకుండా ఎక్కవచ్చు, ఇలాంటి ఏర్పాటు ఉంది కనుక. మంచి ఏర్పాటే. కాని అది పెద్దల కోసం చేసినది. ఆ పట్టికలో అయిదు వరుసలు పిల్లలవి కావు, మా అబ్బాయివీ కోడలివీ. వాళ్ళకు ఆ ముచ్చట ఉండడంలో తప్పేమీ లేదు. ముప్పయి దాటిన వాళ్ళు కొండ మీది నుంచి బండిలో దూకి కేకలు పెట్టాలనుకుంటే నిక్షేపంగా పెట్టుకోవచ్చు. కాని ముచ్చట తమదైతే తమదని చెప్పాలి. "పిల్లల కోసం" అని దానికి పేరు పెట్టకూడదు. పిల్లలను మా దగ్గర వదిలి వాళ్ళిద్దరూ ఒకరోజు పోయి రావచ్చు. నేనీ మాట అన్నప్పుడు మా కోడలు నవ్వి, "ముందే చెప్పవలసింది మామయ్యగారూ" అంది.

ఇక నిద్ర. అమెరికా నిద్రావైద్యుల సంఘం 2016లో ప్రకటించిన లెక్క ప్రకారం ఏడాది నుంచి రెండేళ్ళ పిల్లలకు పగటి నిద్రతో కలిపి 11 నుంచి 14 గంటలు, మూడు నుంచి అయిదేళ్ళ వాళ్ళకు 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలి. మన అమ్మమ్మలకు ఈ లెక్క చెప్పనక్కరలేదు. పిల్ల కళ్ళు నులుముకొంటే ఊళ్ళో పెళ్ళి జరుగుతున్నా సరే ఇంటికి నడిచేవారు. మా చిన్నప్పుడు పెదకళ్ళేపల్లి శివరాత్రి తిరునాళ్ళకు నాన్నగారి భుజం మీద వెళ్ళేవాణ్ణి. ఒక్కసారి రంగులరాట్నం, జీళ్ళు, ఒక బూర. అంతే. తిరునాళ్ళు తెల్లవార్లూ జరిగేవి, నేను మాత్రం తిరుగుదారిలో ఆయన తల మీద చెయ్యి వేసి నిద్రపోయేవాణ్ణి. సగం తిరునాళ్ళు చూడలేదని మా ఇంట్లో ఎవరూ బాధపడినట్టు గుర్తులేదు. ఆ ఇంగితం విమానమెక్కేటప్పుడు ఎక్కడ జారిపోయిందో!

నిద్రను పట్టికలో ఒక గడిగా పెట్టడమే అసలు తప్పు. పసివాళ్ళున్న ఇంట్లో నిద్రే పట్టిక. మిగిలినవన్నీ దాని చుట్టూ సర్దుకోవాలి. మెలకువకూ నిద్రకూ మధ్య మిగిలేది మూడున్నర గంటలైతే, మన విహారం మూడున్నర గంటలే. టిక్కెట్టు మీద రోజంతా అని రాసి ఉండవచ్చు. భోజనం టిక్కెట్టు కొన్నామని ఎవరైనా కడుపు పగిలేదాకా తింటారా? తింటారు, నాకు తెలుసు. చూశాను కూడా. పిల్లలకు అది నేర్పకూడదు.

మొదటి వాదులకు కూడా ఒక మాట. నా ఈడు మిత్రుల్లో వీళ్ళే ఎక్కువ. పిల్లలకు గుర్తుండదు కనుక తీసుకువెళ్ళడమే వద్దంటారు. పెద్దయ్యాక మూడేళ్ళ లోపు సంగతులు ఎవరికీ సరిగా గుర్తుండవన్న మాట నిజమే. అయితే గుర్తుండకపోవడం, అనుభవించకపోవడం ఒకటి కావు. నాకు నాన్నగారి భుజం మొదటిసారి ఎక్కినది గుర్తులేదు. కనుక ఆయన ఎత్తుకోకుండా ఉండవలసిందా? అన్నప్రాశన, అక్షరాభ్యాసం మాట ఏమిటి? గుర్తుండేవే చేయాలంటే అయిదేళ్ళు వచ్చేదాకా పిల్లలతో మాట్లాడనే కూడదు. ఆ రోజు ఆ పిల్ల బాతును చూసిన చూపు నాకు గుర్తుంది. దానికి గుర్తు లేకపోయినా అది దాని చూపే.

సెప్టెంబరులో రెండవసారి వెళ్ళాము. ఈసారి పట్టిక లేదు, ఒక్క గడియారం హద్దు మాత్రం ఉంది: పన్నెండున్నరకు ఎక్కడున్నా సరే బయటికి. ఉదయం పిల్లలను నిద్రలోనే కారులో పడుకోబెట్టాము. ద్వారం తెరిచేవేళకు ఉన్నాము. మొదటి గంటలో వరుసలు చిన్నవి, ఎండ లేదు, పిల్లల ముఖాలు తేటగా ఉన్నాయి. ముందు డంబో అనే ఏనుగు, తరవాత కేసీ జూనియర్ అనే బుల్లి సర్కసు రైలు. ఆ పైన "ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్" పడవ. అది 1964 న్యూయార్కు ప్రపంచ ప్రదర్శన కోసం చేసి 1966లో ఇక్కడికి తెచ్చినది. దానికి ఎత్తు నియమం లేదు. బొమ్మలు పాడుతుంటే చిన్నవాడు నోరు తెరిచి కూర్చున్నాడు. చీకటి గుహల వంటి రైడ్ల జోలికి పోలేదు. తరవాత ఉద్యానవనం చుట్టూ తిరిగే ఆవిరి రైలు. అందులో ఒక సొరంగంలో రాకాసిబల్లుల బొమ్మలు వస్తాయని ముందే తెలుసుకొని, చిన్నవాణ్ణి ఒళ్ళో పెట్టుకున్నాను. మళ్ళీ ఎక్కుదామన్నారు, ఎక్కాము. టూన్‌టౌనును 2023లో బాగుచేసి తెరిచినప్పుడు పిల్లలు దొర్లడానికి పచ్చికబయలు పెట్టారు. అక్కడ పెరుగన్నం తినిపించాము. అప్పటికి పదకొండున్నర. మిగిలిన గంటా బాతులకే.

అవును, గంట. మా ఆవిడ, నేను, ఇద్దరు పిల్లలు బెంచీ మీద కూర్చున్నాము. మా అబ్బాయి పావుగంటకోసారి ఫోను తీసి వరుసల నిడివి చూసుకొని మళ్ళీ జేబులో పెట్టుకొన్నాడు. నాలుగోసారి తీయలేదు.

95 మైళ్ళూ పిల్లలిద్దరూ వెనకసీట్లో నిద్రపోయారు. ఇంత డబ్బు పోసి బాతులు చూసి వచ్చారా అని ఆ సాయంత్రం ఫోనులో ఒక బంధువు నవ్వాడు. అవునన్నాను.

మేము అక్టోబరులో తిరుగు ప్రయాణమయ్యేనాటికి డాలస్ నుంచి మా కోడలి అక్కగారి కుటుంబం వచ్చే సన్నాహాలు మొదలయ్యాయి. వాళ్ళకు రెండేళ్ళ కవలలు. "ఇంత దూరం నుంచి వస్తున్నారు, పూట చూపించి పంపితే బాగుంటుందా నాన్నగారూ?" అంటూ మా వాడు మళ్ళీ కంప్యూటరు తెరిచాడు. నేను పక్కన కుర్చీ వేసుకొని, మొదటి వరుసలో పన్నెండున్నర అని వేసి, దాని ఎదుట "నిద్ర" అని నేనే కొట్టాను.