గాయం మోకాలిదేనా?

యారాడ ఇసుకలో మగపిల్లలు బంతాడితే ఎవరూ తిరిగి చూడరు. ఆడపిల్ల తన్నితే చూపులన్నీ ఆమె నిక్కరు మీదే. ఈ చూపులకూ గాయానికీ సంబంధం ఉందంటాను. ఒత్తిడిలో కండరాలు బిగుసుకుంటాయి, పక్కచూపు తగ్గుతుంది, మీదికొచ్చే మనిషి ఆలస్యంగా కనిపిస్తుంది అని క్రీడా మనస్తత్వ పరిశోధకులు అండర్సన్, విలియమ్స్ 1988లోనే వివరించారు.

మోకాలి లిగమెంటు తెగడం స్త్రీలలో ఎక్కువన్నది నిజమే. ఇంగ్లండు కెప్టెన్ లియా విలియమ్సన్ 2023 ప్రపంచకప్‌కు అలాగే దూరమైంది. అయితే నేరమంతా ఆడ శరీరానిదేనా? కోచ్ తిట్లు, ఇంట్లో పెళ్లి గొడవ ఎవరి లెక్కలోకి వస్తాయి? నిజామాబాద్ నుంచి సౌమ్య గుగులోత్ భారత జట్టు దాకా వెళ్లింది. ఆమె వెనుక వచ్చే పిల్లలు నొప్పి చెబితే చోటు పోతుందని కుంటుతూనే ఆడాలా? చికిత్స ఖర్చు, కోలుకునేదాకా జట్టులో స్థానం, మనసు విప్పుకోవడానికి ఒక స్త్రీ కౌన్సెలర్: ఇవి క్రీడాసంఘాలు నియమావళిలో రాసివ్వాల్సిన హక్కులు. ఎంపికల రోజునే అడుగుదాం.